డిసెంబరులో చేసిన పరీక్ష

సిద్దిరాములు ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచే మనిషి కాదు. గౌడవెల్లిలో వాళ్ళ ద్రాక్షతోటకు మందు కొట్టే ఇంజనొకటి ఉండేది. పద్నాలుగేళ్ళప్పుడు దాని స్క్రూ ఏదో తిప్పి, రెండు పూటల పని ఒక్క పూటలో అయ్యేట్టు చేశాడు. నాయిన బాలమల్లు ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు. నెల తిరక్కుండానే ఇంజను కాలిపోతే అదే ఊరి ముందు తిట్టాడు. తిట్లు సిద్దిరాములు రెండు రోజుల్లో మరిచిపోయాడు. మురిపెం మాత్రం గట్టిగా గుర్తుండిపోయింది.

ఆ తర్వాత లూనా బండి, టేపురికార్డరు, మోటారు పంపు, చేతికి ఏది దొరికినా దాంట్లోంచి ఇంకాస్త గుంజడమే పని. "కంపెనోడు మనకు మొత్తం ఇయ్యడే. కొంచెం లోపట్నే దాస్తడు. మనం బయటికి దియ్యాలె" అనేవాడు. దాచింది ఎందుకు దాచారో అడిగే ఓపిక అతనికి ఎప్పుడూ లేదు. నన్నడిగితే అతని కష్టమంతా అక్కడే మొదలైంది.

తొంభై ఏడులో మేడ్చల్ బస్టాండు ఎదురుగా, చెప్పుల దుకాణం పైగదిలో కంప్యూటర్ల షాపు పెట్టాడు. సికింద్రాబాదు వెళ్ళి విడిభాగాలు తేవడం, కూర్చడం, అమ్మడం. అప్పట్లో జనానికి కంప్యూటరంటే భక్తి. షాపు మెట్ల దగ్గరే చెప్పులు విడిచేవారు. కొన్నవాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళి ముందు పసుపుకుంకుమలు పెట్టి, ఆ తర్వాతే స్విచ్చి వేసేవారు. ఆ భక్తికి సరిపోయే మాట ఒకటి సిద్దిరాములు దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. బిల్లు తప్పొచ్చిందనో, మొత్తం తేడా వచ్చిందనో ఎవరొచ్చినా, "కంప్యూటర్ తప్పు జెయ్యదన్నా. మనమే ఏదో తప్పు కొట్టి ఉంటం" అని సాగనంపేవాడు. దాదాపు ప్రతిసారీ అది నిజమే అయ్యేది కూడా.

తొంభై తొమ్మిది డిసెంబరులో చలపతిరావు మాస్టారు ఆ మెట్లెక్కి వచ్చారు.

ఆయనది తెనాలి వైపు. ఉద్యోగం మీద మేడ్చల్ వచ్చి, ఇక్కడి హైస్కూల్లోనే ఇరవై ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. కిరాణా కొట్లో సేటు పెన్సిలు తీసేలోపే చిట్టా మొత్తం చెప్పేసేవారు. పిల్లలు బస్సుల నంబర్లు చూసి "దీన్ని దాంతో గుణించండి సార్" అంటే, నడుస్తూ నడుస్తూనే జవాబు చెప్పి చేతిసంచీ మార్చుకునేవారు. ఆస్తిపాస్తులు వెనకేసిన మనిషి కాదు. ఆయనకున్నదల్లా ఆ తలకాయే, దానిమీద ఆయనకున్న నమ్మకమే. పదో తరగతి లెక్కల్లో తప్పిన సిద్దిరాముల్ని రెండు నెలలు సాయంత్రాలు ఇంటి వరండాలో కూర్చోబెట్టి గట్టెక్కించింది కూడా ఆయనే.

"ఒరేయ్ రాములూ, నాకో కంప్యూటరు కావాలిరా" అన్నారు. "పదోతరగతి లెక్కల్లో తప్పిన పిల్లల కోసం ఒక పుస్తకం రాస్తున్నాను. ఎనిమిది వందల లెక్కలు, జవాబులతో సహా. ముందు మనసులో చేస్తాను, తర్వాత కాగితం మీద చేస్తాను, ఆఖర్న మెషిను మీద చూసుకుంటాను. మూడూ ఒకటే చెబితేనే పుస్తకంలోకి వెళ్ళాలి. తప్పిన పిల్లాడికి మళ్ళీ తప్పుడు జవాబు ఇవ్వకూడదు."

"మంచిది పెడుత సార్. మస్తు స్పీడుంటది."

"స్పీడెందుకురా? అన్నిటికంటే చిన్నది పెట్టు. నా పనికి అది చాలు."

చిన్నదంటే మూడు వందల మెగాహెర్ట్జ్ ప్రాసెసరు. గురువుకు చిన్నది ఇవ్వడమా అని సిద్దిరాములు ప్రాణం ఒప్పుకోలేదు. పెద్దది పెడితే ఆయన పుచ్చుకోరు. అప్పుడు అతనికి తన పాత విద్య గుర్తొచ్చింది. పాటకు వేసినట్టు ప్రాసెసరుకు కింది బోర్డు ఒక తాళం వేస్తుంటుంది. అరవై ఆరు తాళానికి నాలుగున్నర రెట్లు పరిగెత్తితే ఆ చిప్పు మూడు వందలు. బోర్డు తాళాన్ని నూటికి పెంచితే అదే చిప్పు నాలుగు వందల యాభై పరిగెడుతుంది. ఓవర్‌క్లాకింగ్ అంటారు. కొంచెం కరెంటు ఎక్కువ తాగుతుంది, బాగా వేడెక్కుతుంది. అన్ని చిప్పులూ తట్టుకోవు. షాపులో ఉన్న నాలుగింటినీ ఒకదాని తర్వాత ఒకటి ఎక్కించి చూశాడు. రెండు బిగుసుకుపోయాయి. ఒకటి అసలు మొదలే కాలేదు. నాలుగోది నిలబడింది. దాన్ని మాస్టారికని పక్కన పెట్టాడు. పైన పెద్ద ఫ్యాను బిగించాడు.

నిలబడ్డదని వదిలెయ్యలేదు, ఆ మాట చెప్పుకోవాలి. పరీక్ష పెట్టాడు. దానికో ప్రోగ్రాం ఉంది. చాంతాడంత పొడుగు అంకెలతో ఎడతెగకుండా లెక్కలు చేయిస్తూ, వచ్చిన జవాబును తన దగ్గరున్న సరైన జవాబుతో పోల్చుకుంటూ పోతుంది. ఒక్క అంకె తేడా వచ్చినా తప్పని చెప్పి ఆగిపోతుంది. ముప్పై ఆరు గంటలు ఆడించాడు. కిటికీ లోంచి చలిగాలి వస్తుంటే, మూత తీసి పెట్టిన డబ్బాలో ఆ చిప్పు ఒక్క తప్పు కూడా చెయ్యలేదు. సిద్దిరాములు సంబరం చూడాలి. కింద చెప్పుల దుకాణం అంజయ్యను పిలుచుకొచ్చి మరీ చూపించాడు. పాపం అంజయ్యకు తెరమీద అంకెలు తప్ప ఏమీ అర్థం కాలేదు.

మాస్టారికి మాత్రం చెప్పలేదు. చెబితే "దానిమీద మూడు వందలని రాసుంటే మూడు వందలే నడుపు" అంటారని తెలుసు. ఎప్పుడో ఒకరోజు ఆయనే "ఏవిట్రా ఇంత చురుగ్గా ఉందీ" అని అడిగితే అప్పుడు చెబుదామని దాచుకున్నాడు. మనసులో అదో దక్షిణ అనుకున్నాడు. దక్షిణ ఇచ్చేవాడు పుచ్చుకునేవాడికి చెప్పి ఇవ్వాలి కదా, అది తోచలేదు.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ఊరంతా పరేషాన్‌గా ఉన్న రోజులవి. షాపు నిండా జనం. మామూలుగానైతే తనే వెళ్ళి బిగించి వచ్చేవాడు, ఈసారి తీరలేదు. మాస్టారు, ఆయన భార్య జానకీదేవి ఆటో తెచ్చుకుని, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళారు. వాళ్ళు తూంకుంటలో కొత్తగా లేచిన కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. ఆటో కదులుతుంటే సిద్దిరాములు ఒక్క జాగ్రత్త చెప్పాడు.

"దుమ్ము పడకుండ జూస్కోండ్రి అమ్మా. దీనికి దుమ్మే శత్రువు."

జానకీదేవి ఆ మాట అక్షరాలా పాటించింది.

మూడు నెలలు పుస్తకం పరుగులు తీసింది. మార్చిలో మాస్టారు షాపుకొచ్చి, "మూడొందల లెక్కలు దాటానురా. నీ మెషిను నాతో పోటీ పడుతోంది" అని భుజం తట్టారు. నిజం చెప్పడానికి అంత మంచి సమయం మళ్ళీ రాలేదు. కానీ పక్కన ఎవరో బేరం ఆడుతున్నారు. తర్వాత చెబుదాంలే అనుకున్నాడు.

ఏప్రిల్లో ఫోనొచ్చింది. "రాములూ, శంకువు ఘనపరిమాణం ఒకటి. నేను చేస్తే ఒకటొచ్చింది, మెషిను ఇంకోటి చెప్పింది. మళ్ళీ కొడితే నాదే వచ్చింది. ఎందుకంటావు?"

"కంప్యూటర్ తప్పు జెయ్యది సార్. మొదటిపాలి మీరే ఏదో తప్పు కొట్టి ఉంటరు" అన్నాడు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని స్క్రూలు బిగిస్తూ. అప్పుడతను నమ్మే అన్నాడు. ఆ మాటకు నేనతన్ని తప్పు పట్టను.

మే నెల మొదట్లో మళ్ళీ ఫోను. ఈసారి మాస్టారి గొంతు మెత్తగా ఉంది. "ఒకసారి ఇంటికి రాగలవా?"

మధ్యాహ్నం రెండింటికి శామీర్‌పేట మీదుగా బండేసుకుని వెళ్ళాడు. ఇల్లు చిన్నదని కంప్యూటరును పైన రేకుల గదిలో పెట్టుకున్నారట. మెట్లెక్కి లోపల అడుగు పెట్టగానే సిద్దిరాములుకు ఊపిరాడలేదు. పైన రేకులు సెగలు కక్కుతున్నాయి. మాస్టారు బనీనుతో, తడిగుడ్డ మెడకు చుట్టుకుని కూర్చున్నారు. పక్కన కంప్యూటరుకు నీలం గుడ్డతో చక్కటి తొడుగు, కింద కుచ్చులు, అంచుకు చమ్కీ. కరీంనగర్ రోడ్డు మీది లారీల దుమ్ము పడకుండా జానకీదేవి కుట్టింది. ఆపేశాక కప్పడానికి కాదు, నడుస్తున్నప్పుడు కూడా తీసేవారు కాదు. ఆ రోజుల్లో కాలనీల్లో ఏ ఇంటికెళ్ళినా కంప్యూటరు ఇలాగే బట్టలు కట్టుకుని ఉండేది. తొడుగు లోపల ఫ్యాను గుర్రుమంటోంది.

మాస్టారు ఒక కాగితం చూపించారు. నెల రోజుల్లో పదకొండు తేడాలు. లెక్క సంఖ్య, ఆయన జవాబు, మెషిను జవాబు, తేదీ, అన్నీ తన గుండ్రటి చేతిరాతతో రాసుకున్నారు.

"మొదట్లో నేను మళ్ళీ కొడితే సరిపోయేది. ఇప్పుడు రెండుసార్లు కొడితే రెండు జవాబులొస్తున్నాయి. అంటే నా చూపు ఒక అంకె చూస్తోంది, వేలు ఇంకో అంకె నొక్కుతోంది. నాకు తెలియడం లేదు." కాగితం మడిచారు. "తెనాల్లో మా అన్నయ్య ఇలాగే మొదలయ్యాడురా. బ్యాంకులో క్యాషియరు. ముందు కూడికల్లో తేడాలు. ఏడాదికి కూతురి పేరు మరిచిపోయాడు. ఆ తర్వాత తను ఎవరో కూడా. జానకికి చెప్పలేదు. నీకు మెషిను సంగతి తెలుసు కాబట్టి అడుగుతున్నాను. నిజం చెప్పు. తప్పు దానిదా, నాదా?"

ఇంతకంటే సూటిగా మనిషిని మనిషి అడగలేడు.

"జూస్త సార్. జర సల్ల ఉంటే తెప్పిస్తరా, దూప అయితాంది" అన్నాడు సిద్దిరాములు. ఆయన మజ్జిగ కోసం కిందికి దిగారు.

తొడుగు లాగేశాడు. మూత విప్పి ప్రాసెసరు మీది లోహపు రెక్కల మీద వేలు పెట్టాడు. చురుక్కున కాలింది. సంచీలోంచి ఫ్లాపీ తీసి అదే పరీక్ష ప్రోగ్రాం నడిపాడు. డిసెంబరులో ముప్పై ఆరు గంటలు నిలబడ్డది, ఆ గదిలో నాలుగు నిమిషాలు నిలబడలేదు. తెరమీద తప్పు అని పడి ఆగిపోయింది. చలికాలంలో, మూత తీసి, తన షాపులో పరీక్ష పెట్టాడే గానీ, ఇది ఎక్కడ ఉండబోతోందో, మే నెలలో ఆ గది ఎలా ఉంటుందో ఒక్కసారైనా వచ్చి చూడలేదు. దుమ్ము జాగ్రత్త అని చెప్పి గుడ్డ కప్పించింది కూడా తనే.

గబగబా మెషిను ఆపి మళ్ళీ మొదలుపెట్టి, తాళం నూరు ఉన్నచోట అరవై ఆరు పెట్టాడు. మూత బిగించాడు. పరీక్ష మళ్ళీ పెడితే నిమ్మళంగా నడుస్తోంది. మెట్లమీద అడుగుల చప్పుడు. మాస్టారు గ్లాసు పట్టుకుని వచ్చారు, వెనకే జానకీదేవి.

"ఏమైంది?"

చెప్పాల్సింది రెండు ముక్కలు. తప్పు నాది సార్. అంతే. కానీ ఈయన లెక్క తప్పిన పిల్లాణ్ణి ఎప్పుడూ కొట్టలేదు. తప్పు చేసి చెరిపేసిన పిల్లాణ్ణి కొట్టేవారు. ఇప్పుడే కదా తను చెరిపేసింది. ముఖం చెల్లలేదు. పైగా ఒక ఉపాయం తోచింది. మెషిను బాగైంది, రేపటి నుంచి జవాబులన్నీ కలుస్తాయి, కలిస్తే ఆయనకే ధైర్యం వస్తుంది, ఎవరికీ ఏ నష్టమూ ఉండదు.

"మెషిన్ మంచిగనే ఉన్నది సార్. టెస్టు గూడ పెట్టిన, జూడుండ్రి, ఒక్క తప్పు లేదు. గీ ఎండలకు మీకే యాష్టకొచ్చి ఏదో తప్పు కొడుతుండొచ్చు."

మాస్టారు తెరవంక చూశారు. తప్పు లేకుండా దొర్లిపోతున్న అంకెల్ని చాలాసేపు చూశారు.

"అలాగా" అన్నారు.

అతను వేసుకున్న ఉపాయంలో ఒక్కటే లోపం. జవాబులు కలవాలంటే ఆయన మళ్ళీ లెక్క చెయ్యాలి. ఆయన చెయ్యలేదు. ఆ సాయంత్రమే కాగితాలన్నీ కట్టగట్టి అటక మీద పెట్టించారు. పొద్దున్నే వచ్చే కాలనీ పిల్లల్ని ఇంకో మాస్టారి దగ్గరికి వెళ్ళమన్నారు. సిద్దిరాములుకు ఈ సంగతులు ఒక్కొక్కటే చెవిన పడ్డాయి. ఎండలు కదా, వయసు కదా అని సర్దిచెప్పుకున్నాడు. వానలు పడ్డాక వెళ్దామనుకున్నాడు. దసరాకు వెళ్దామనుకున్నాడు. ఆ తర్వాత అనుకోవడం కూడా మానేశాడు. ఒక్కటి మాత్రం చేశాడు. ఆనాటి నుంచి ఏ చిప్పునూ దానిమీద రాసిన వేగానికి మించి నడపలేదు. పాత స్నేహితులు ఎగతాళి చేస్తే నవ్వి ఊరుకునేవాడు. దానివల్ల ఎవరికి ఒరిగిందో నాకు తెలియదు.

ఆరేళ్ళు గడిచాయి. కంప్యూటర్లలో గిట్టుబాటు తగ్గింది. అందరిలాగే సిద్దిరాములు కూడా ప్లాట్లు చూపించే పనిలో పడ్డాడు. రెండువేల ఆరు వేసవిలో ఎవరికో ప్లాటు చూపించడానికి తూంకుంట వెళ్ళి తిరిగొస్తుంటే, కూరగాయల బండి దగ్గర జానకీదేవి గుర్తుపట్టి పిలిచింది. బక్కచిక్కింది.

"ఎన్నాళ్ళకి నాయనా! నిన్ను తలుచుకోని రోజు లేదు. ఆ రోజు నువ్వు నిజం చెప్పబట్టి గానీ, లేకపోతే మాకు తెలిసేదే కాదు."

"ఏంది అమ్మా?"

"అదే, ఆయన బుద్ధి సంగతి. నువ్వు వెళ్ళాక నిలదీస్తే అప్పుడు చెప్పారు, వాళ్ళ అన్నగారి జబ్బేనని. అప్పట్నుంచీ కంటికి రెప్పలా చూసుకుంటున్నాను. ఒంటరిగా గుమ్మం దాటనివ్వను. పింఛను కూడా నేనే తెస్తాను. దేవుడి దయవల్ల ఇంకా ముదరలేదు."

"డాక్టర్‌కు జూపిచ్చిండ్రా?"

"చూపించాను. ఏమీ లేదన్నాడు, వయసన్నాడు. డాక్టరుకేం తెలుసు? లెక్కలు తప్పడం ఆయన చూశాడా? నువ్వు చూశావు గానీ."

సంచీ ఆవిడ చేతిలోంచి తీసుకుని ఇంటిదాకా నడిచాడు. ఆ నడక గురించి తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు, నా జిందగీలో గంత పొడుగు తొవ్వ నడవలేదని.

మాస్టారు వసారాలో కుర్చీలో ఉన్నారు. తెల్లటి పంచె, ఒళ్ళో మడత విప్పని పేపరు. జానకీదేవి టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. సిద్దిరాములు ఆయన కాళ్ళ దగ్గర మెట్టుమీద కూర్చుని, తలెత్తకుండా మొత్తం చెప్పేశాడు. చిన్నది అడిగితే పెద్దదిగా చేసి ఇచ్చింది, పరీక్ష పెట్టింది, వేలు కాలింది, వేగం తగ్గించి మూత బిగించింది, అబద్ధం చెప్పింది.

మాస్టారు మధ్యలో ఆపలేదు. అయ్యాక అడిగారు. "ఎంత నుంచి ఎంతకి పెంచావు?"

"మూడొందల కెళ్ళి నాలుగొందల యాభైకి సార్."

"ఎన్ని గంటలు పరీక్షించావు?"

"ముప్పై ఆరు."

"ఏ నెలలో?"

"డిసెంబర్ల."

ఆయన తల ఊపారు. తిడతారని, కొడతారని సిద్దిరాములు ఎదురుచూశాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆయన లోపలి గుమ్మం వైపు చెయ్యి చూపించారు. "ఇదంతా జానకికి చెప్పు. ఆరేళ్ళుగా నన్ను అగ్గిపెట్టె ముట్టుకోనివ్వట్లేదు."

వంటింటి గుమ్మంలో నిలబడి మళ్ళీ చెప్పాడు. ఈసారి ఏడుపు ఆగలేదు. జానకీదేవి స్టౌ తగ్గించి, పైటచెంగుతో చేతులు తుడుచుకుంటూ ఓపిగ్గా విన్నది. విని, అతని భుజం మీద చెయ్యి వేసింది.

"నీది వెన్నలాంటి మనసు నాయనా. మీ గురువు మీద ఎంత ప్రేమ లేకపోతే తప్పు నీమీద వేసుకుంటావు? కానీ ఇలాంటి మాటలు ఆయనతో అనకు. ఆశ పెట్టుకుంటారు."

"అమ్మా, ఒట్టు. నేను జెప్పింది సత్తెం."

"నాకు తెలుసులే" అంది ఆవిడ, గ్లాసుల్లోకి టీ వంపుతూ.

వసారాలోకొచ్చాడు. మాస్టారు తలెత్తారు. "నమ్మిందా?"

"లేదు సార్. మీ మనసు నొస్తదని అబద్ధమాడుతున్ననంటాంది." ఆయన ముఖంలోకి చూడటానికి ఇప్పుడు ధైర్యం వచ్చింది. "మీరు నమ్మిండ్రు గద సార్?"

"నమ్మాను. ఆ రోజు నా తల బాగానే ఉంది. అది తేలింది." పేపరు మడత మీద వేలితో రాస్తున్నారు. "ఇవాళ ఎలా ఉందో ఎవరు చెబుతారు? ఆరేళ్ళలో ఒక్క లెక్క చెయ్యలేదు."

"గిప్పుడే జూద్దాం సార్. నేనొకటి అడుగుత, మీరు జెప్పుండ్రి. నలభై ఏడును అరవై..."

"వద్దురా!"

మాస్టారి చెయ్యి గాల్లోకి లేచింది. ఆయన భయపడటం సిద్దిరాములు ఎన్నడూ చూడలేదు.

"వద్దు" అన్నారు మళ్ళీ, మెల్లగా. "రాకపోతే?"

జానకీదేవి టీ తెచ్చి సిద్దిరాములుకు ఒక గ్లాసు ఇచ్చింది. మాస్టారి గ్లాసును మాత్రం ఒలికిపోతుందని ఆవిడే పట్టుకుని నిలబడింది. సిద్దిరాములు నోట్లో సగం లెక్క అలాగే ఉండిపోయింది.